బ్యారన్ దగ్గర థర్మామీటర్ చదివిందెవరు?

ప్రశ్న: మేడమ్, మాది కందుకూరు దగ్గర ఒక పల్లె. నేను బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాను. మా తాతయ్య (నాన్న వాళ్ళ నాన్న) పోయిన మాఘమాసంలో చనిపోయారు. ఆధార్ కార్డు ప్రకారం 84 ఏళ్ళు. వచ్చే మాఘంలో సంవత్సరీకం. ఆ రోజు పంచడానికి 32 పేజీల పుస్తకం వేయించాలని పెదనాన్న పట్టుబట్టారు. తెలుగు బాగా రాస్తానని ఆ పని నాకు అప్పగించారు. రాయడానికి కూర్చుంటే మూడే వాక్యాలు వచ్చాయి: పొగాకు పండించారు, పాడి చూసుకున్నారు, ముగ్గురు పిల్లల్ని చదివించారు. పదవుల్లేవు, సన్మానాల్లేవు. పెదనాన్న మాత్రం ‘కర్షక శిఖామణి, సేవామూర్తి’ అని మొదలుపెట్టమంటున్నారు. నా చిన్నప్పుడు సెలవుల్లో రాత్రిపూట బ్యారన్ (పచ్చి పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టు) దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ‘పాపా, ఎంతుందో చూసి చెప్పు’ అని థర్మామీటర్ చూపించేవారు. నాకు బాగా గుర్తున్నది అదొక్కటే. ఆయన గొంతు కూడా రికార్డు చేసుకోలేదు. తలుచుకుంటే ఏడుపొస్తుంది. ఇంకో టెన్షన్ ఏంటంటే, గట్టు తగాదా వల్ల ఆయనకూ మా చిన్న తాతయ్యకూ 20 ఏళ్ళకు పైగా మాటల్లేవు. చిన్న తాతయ్య ఇప్పటికీ అదే వీధిలో ఉంటారు. ఆ సంగతి రాయాలా? నాన్నను అడిగితే మాట్లాడరు.
— ఒక మనవరాలు, బెంగళూరు

సమాధానం:

అమ్మాయ్, నీకు వచ్చిన వాక్యాలు మూడు కాదు, నాలుగు. నాలుగోది పుస్తకానికి పనికిరాదనుకుని నా ఉత్తరంలో పెట్టేశావు. ‘పాపా, ఎంతుందో చూసి చెప్పు.’ పుస్తకం అక్కడే మొదలుపెట్టు.

ముందు నా భాగోతం ఒకటి చెప్తాను. మా అమ్మ వాళ్ళ నాన్నది పెన్న ఒడ్డున ఒక ఊరు. వరి రైతు. ఆయన పోయినప్పుడు ‘బాగా చదువుకున్న మనవరాలివి కదా’ అని పెద్దకర్మకు కరపత్రం నన్నే రాయమన్నారు. సౌమ్యులు, నిరాడంబరులు, అజాతశత్రువు... నాకు తెలిసిన మంచి మాటలన్నీ కుమ్మరించాను. అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ ఇంట్లో ముప్ఫై ఏళ్ళు సేద్యం చేసిన పెద్దాయన ఒకాయన తన మనవడితో దాన్ని చదివించుకుని, మొత్తం విని, ‘బాగుండాదమ్మా. ఇంతకీ ఇది ఎవురి గురించి?’ అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

తర్వాత ఆయనే చెప్పాడు. మొలగొలుకులు (వరిలో ఒక రకం) కోతకొచ్చాయో లేదో తేల్చడానికి మా తాత గట్టు మీద నిలబడి వెన్ను నుంచి నాలుగు గింజలు దూసి, పొట్టు తీసి, పంటి కింద పెట్టి కొరికేవాడట. టక్కుమంటే రేపే కోత. మెత్తగా నలిగితే ఇంకో మూడు రోజులు. మిగిలిన గింజలు చొక్కా జేబులో వేసుకుని మర్చిపోయేవాడు. ఉతికేటప్పుడు అవి నాని, మొలకలొచ్చి కనిపిస్తే మా అమ్మమ్మ తిట్టేది. నేను ఆ ఇంట్లో ఎన్నో సెలవులు గడిపాను, ఇది చూడనే లేదు. కరపత్రం అప్పటికే ఐదు వందలు అచ్చయిపోయింది.

అందుకే నీకు చెప్పేదొకటే. తాతయ్య ఎంత మంచివారో ఎవర్నీ అడక్కు, ఆయన పని గురించి అడుగు. ‘మా తాతయ్య ఎలాంటివారండీ?’ అంటే ఊళ్ళో ప్రతివాళ్ళూ ‘దేవుడమ్మా’ అంటారు, నీ నోట్‌బుక్‌లో దేవుడు పదిసార్లు పడతాడు, అంతకుమించి ఏమీ ఉండదు. అదే ‘మొదటి ఎడ్లజత ఎక్కడ కొన్నారు, ఎంతకు? బ్యారన్ కట్టినప్పుడు అప్పు ఎవరిచ్చారు? మంట దగ్గర తోడు ఎవరు పడుకునేవారు?’ అని అడుగు. మంచం మీద పడుకున్నవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు.

ఆ బ్యారన్ సంగతే చూడు. చిన్నపిల్లవి కాబట్టి నీకది ఆటలా ఉండి ఉంటుంది. ఆయనకు ఏడాది కష్టమంతా ఆ నాలుగు గోడల మధ్య కర్రలకు వేలాడుతోంది. మొదట ఆకు పసుపు తిరిగేదాకా 100 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంచాలి, తర్వాత మెల్లగా పెంచుకుంటూ పోయి, చివర్లో ఈనె ఎండడానికి 160 దాకా తీసుకెళ్ళాలి. అంతా ఫారన్‌హీట్‌లోనే. వారం రోజుల పాటు రాత్రీ పగలూ మంట ఆరకూడదు, ఎగదన్నకూడదు. తొందరపడి వేడి పెంచితే రంగు చెడుతుంది, రంగు చెడితే గ్రేడు పడిపోతుంది. వేలంలో బేలు (పొగాకు కట్ట) ముందు కొనేవాళ్ళు ఒక్క నిమిషం ఆగకుండా వెళ్ళిపోతారు. అలా ఎవరూ పాడని బేలును ‘నోబిడ్’ అంటారు, ఆ మాట మీ ఇంట్లో నువ్వు వినే ఉంటావు. అలాంటి రాత్రి, అంత ముఖ్యమైన అంకెను చదివే పని ఆయన ఒక చిన్నపిల్ల చేతికిచ్చాడు.

ఎందుకిచ్చాడు? కళ్ళు ఆనక ఇచ్చాడా? అంకెలు రాకనా? తనకు తెలిసినా నీకు నేర్పాలనా? నిద్ర రాకుండా నీతో మాట్లాడటానికా? నాకు తెలియదు, నీకూ తెలియదు. తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇద్దరు ముగ్గురు ఉంటారు. వాళ్ళను వెతుక్కుంటూ వెళ్తే నీ పుస్తకం సగం పూర్తయినట్టే.

ఎవర్ని అడగాలి అంటావేమో. ఆకు కర్రలకు కట్టడానికి వచ్చిన ఆడవాళ్ళను ముందు అడుగు. కూలి డబ్బులు ఏ వారం ఆలస్యమయ్యాయో, ఏ ఏడాది పండక్కి చీరలు పెట్టారో వాళ్ళకు గుర్తుంటుంది. క్షవరం చేసిన ఆయన్ను, పాలు పోయించుకున్న ఇంటివాళ్ళను, ఎడ్లకు నాడాలు కొట్టిన మనిషిని అడుగు. మీ తాతయ్యకు కోపం వస్తే ఏ తిట్టు తిట్టేవారో కూడా కనుక్కో. ఆ తిట్టు పుస్తకంలో వేయకపోయినా నువ్వు మాత్రం రాసిపెట్టుకో.

నాయనమ్మను మాత్రం ఎదురుగా కూర్చుని ఫోన్ ముందు పెట్టి అడక్కు. ఆవిడ బిగుసుకుపోతుంది. చింతపండు పిక్క తీస్తుంటే నువ్వూ ఓ చాట ముందేసుకుని కూర్చో. మాట దానంతటదే వస్తుంది. ఇంకొక్క మాట, పొగాకు ఇంట్లో ఆడవాళ్ళ పని లెక్కలోకి రాదు. నారు మడికి నీళ్ళు మోసింది ఎవరు, కూలీలకు అన్నం వండింది ఎవరు, ఇంటికొచ్చాక గ్రేడింగ్‌కు చీకటి పడేదాకా కూర్చుంది ఎవరు? రాశాక వెనక్కి వెళ్ళి చూసుకో, ‘తాతయ్య చేశారు’ అని రాసిన చోట్ల ఎన్నింటిలో నాయనమ్మ చెయ్యి ఉందో.

తారీఖుల దగ్గర ఇబ్బంది పడతావు. మన పల్లెల్లో పెద్దవాళ్ళ ఆధార్ కార్డుల మీద పుట్టినరోజు జనవరి 1 అనో జులై 1 అనో ఉంటే దాన్ని పెద్దగా నమ్మకు, బడిలోనో ఆఫీసులోనో వేసిన అంకె అది. నాయనమ్మను సంవత్సరం పేరు అడుగు. ‘చిత్రభానులో పుట్టాడంట’ అందనుకో, అది 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా. ‘వృష’ అంటే దానికి ముందుది. అరవై ఏళ్ళకోసారి అవే పేర్లు తిరిగి వస్తాయి కాబట్టి ఇందులో పొరపాటు పడే వీల్లేదు.

సంవత్సరం పేరు కూడా చెప్పలేకపోతే వానలూ గాలులూ చెప్తాయి. ‘పెద్ద గాలివాన వచ్చిన ఏడు బ్యారన్ కప్పు లేచిపోయింది’ అన్నారనుకో. ఏ గాలివాన? తోటలో కొత్తగా నారు నాటి ఉందా? అయితే 1977 నవంబరు, దివిసీమ ఉప్పెన వచ్చిన తుఫాను కావచ్చు. మామిడికాయలు రాలాయా? అయితే మే నెల. కానీ మే నెల తుఫాన్లు రెండున్నాయి, ఒంగోలు వైపు తీరం దాటిన 1979ది ఒకటి, 1990ది ఇంకొకటి. అప్పటికి మీ నాన్న బడికి పోతున్నాడా, కాలేజీకా? ఈ ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది. రెండు రూపాయల బియ్యం వచ్చింది 1983. కరణాలను తీసేసింది 1984. వేలంలో పొగాకు అమ్మడం మనకు 1985లో మొదలైంది, అంతకుముందు వ్యాపారి చెప్పిందే ధర. ‘వేలాలు రాకముందు ఆకు ఎవరికి వేసేవారు?’ అని అడిగి చూడు, ముసలివాళ్ళు ఎంతసేపు మాట్లాడతారో!

ఇంకో తమాషా ఉంది. మీ తాతయ్య ఊరు కదలకుండానే మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టారు, 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చారు. పుట్టినప్పుడు నెల్లూరు జిల్లా. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా. 1972లో అదే ప్రకాశం జిల్లా. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరు జిల్లా. ఆయన మంచం వేసుకున్న వేపచెట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. (వేపచెట్టు ఉందో లేదో నాకు తెలియదు, ఉండే ఉంటుంది.) మన ఎడ్లకూ ఇదే కథ. ఇక్కడ ఒంగోలు గిత్తలు, బ్రెజిల్ వెళ్ళాక ‘నెలోర్’ అయ్యాయి, ఆ రోజుల్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలోది కాబట్టి. పాత కాగితాలు వెతికేటప్పుడు ఇది గుర్తు పెట్టుకో. 1985లో మండలాలు వచ్చాయి, అంతకుముందువన్నీ ‘కందుకూరు తాలూకా, నెల్లూరు జిల్లా’ అనో ‘ప్రకాశం జిల్లా’ అనో ఉంటాయి. డబ్బు అణాల్లో ఉంటే అది 1957కు ముందు కాగితం. ధాన్యం పుట్లలో ఉంటే కొలత ఎవరినైనా అడిగి రాయి, నెల్లూరు వైపు పుట్టి అంటే 850 కిలోలు, అన్ని చోట్లా అంతే కాదు.

కాగితాలన్నాను కదా. ప్రతి ఇంట్లో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది, మీ ఇంట్లోనూ ఉంటుంది. పాసుపుస్తకాలు, పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్, వేలం కేంద్రంలో ఇచ్చిన అమ్మకపు చీటీలు, చెల్లు వేసిన ప్రోనోట్లు. చీటీల మీద బేలు బరువు, గ్రేడు, ధర ఉంటాయి. ఏ ఏడాది నవ్వారో, ఏ ఏడాది అన్నం సయించలేదో ఆ అంకెలే చెప్తాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి భూమి దస్తావేజులు. అందులో హద్దులు రాసి ఉంటాయి చూడు, తూర్పు ఫలానావారి చేను, పడమర డొంక, ఉత్తరం ఫలానావారి మెట్ట, దక్షిణం వాగు. ఆ ‘ఫలానావారు’ ఎవరు? వాళ్ళ పిల్లలు ఎక్కడున్నారు? కింద సాక్షి సంతకాలు, వేలిముద్రలు ఎవరివి? ఆ ఒక్క కాగితం పట్టుకుని రచ్చబండ దగ్గర కూర్చుంటే మధ్యాహ్నమంతా గడిచిపోతుంది. అసలు కాగితాలు మాత్రం బెంగళూరు తీసుకురాకు. ఫోటోలు తీసుకుని పెట్టెలో పెట్టేసెయ్యి, లేకపోతే ఆస్తి కోసం వచ్చావంటారు.

గొంతు గురించి ఏడ్చానన్నావు. ఏడుపు నేను ఆపలేను కానీ వెతకడం మాత్రం మానకు. ఇంట్లో పెళ్ళి వీడియోలు తిరగెయ్యి. అప్పగింతల దగ్గరో భోజనాల దగ్గరో ‘ఇంకో గంటె వెయ్యండయ్యా’ అన్న గొంతు ఆయనదే కావచ్చు. పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లయితే ఫంగస్ పట్టకముందే స్టూడియోలో ఇచ్చి మార్పించు. మీ వాళ్ళందరి ఫోన్లలో వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు చూడు, కొన్ని ఫోన్లలో కాల్ రికార్డింగ్ దానంతటదే పడి ఉంటుంది, వాళ్ళకే తెలియదు. ఇవేవీ దొరకలేదనుకో, ప్రతి కుటుంబంలో తాతను అచ్చం అనుకరించేవాడు ఒకడుంటాడు. బాబాయి కొడుకో, మేనత్త కొడుకో. వాణ్ని కూర్చోబెట్టి రికార్డు చెయ్యి. నవ్వుతూ మొదలుపెడతారు, మధ్యలో ఎవరో లేచి బయటికి వెళ్తారు. అయినా ఆపొద్దు.

ఇక నువ్వు చివర్లో అడిగినా అసలు అడగాల్సింది అదే, చిన్న తాతయ్య.

గట్టు తగాదాలో తప్పెవరిదో సంవత్సరీకం పుస్తకంలో తేల్చకు. ఒకాయన లేరు, ఇంకొకాయన ఉన్నారు, చదివేవాళ్ళంతా చుట్టాలు. సర్వేయర్ కొలిచినా ఒప్పుకోని గట్టును నువ్వు రెండు పేరాల్లో తేల్చలేవు. అయితే ‘అన్నదమ్ములు రామలక్ష్మణుల్లా మెలిగారు’ అని మాత్రం చచ్చినా రాయకు. పెదనాన్న రాయమన్నా రాయకు. ఊరంతా ముసిముసిగా నవ్వుతుంది, ఆ నవ్వు మీ తాతయ్య మీద పడుతుంది. ‘తమ్ముడితో చాలా ఏళ్ళు మాటల్లేవు’ అన్న ఒక్క వాక్యానికి ఇంట్లోవాళ్ళు ఒప్పుకుంటే వెయ్యి, ఒప్పుకోకపోతే వదిలెయ్యి. పుస్తకం మీ అందరిదీ. నీ నోట్‌బుక్ మాత్రం నీ సొంతం.

రాసినా రాయకపోయినా ఆయన దగ్గరికి మాత్రం వెళ్ళు. ఎందుకంటే మీ నాయనమ్మ పెళ్ళయి వచ్చేనాటికే మీ తాతయ్య పెద్దవాడు. మీ నాన్నకు, పెదనాన్నకు ఆయన ఎప్పుడూ తండ్రే. పదేళ్ళ పిల్లాడిగా ఆయన్ను చూసిన మనిషి ఈ భూమ్మీద ఇప్పుడు ఒక్కరే ఉన్నారు, అదీ మీ వీధిలోనే. ఇద్దరూ ఒకే కంచంలో వరిగన్నం తిన్నారో, ఒకే చొక్కా వంతులేసుకుని బడికి వెళ్ళారో, బడి ఎవరు ముందు మానేశారో, ఎందుకు మానేశారో ఆయనకే తెలుసు. 20 ఏళ్ళ మౌనం పెద్దదే. దానికి ముందు అరవై ఏళ్ళ మాటలున్నాయి.

రాజీ చేయడానికి వెళ్తున్నానని అనుకోకు, ఎవరి మాటలూ మోయకు. నాన్న మాట్లాడటం లేదన్నావు, ఆయన్ను బలవంతం చెయ్యొద్దు. ‘చిన్న తాతయ్య దగ్గరికి వెళ్తున్నా’ అని చెప్పి చెప్పులేసుకో, అంతే. ఆయన వస్తే వస్తాడు, లేకపోతే నువ్వు తిరిగొచ్చాక ‘ఏమన్నాడు?’ అని అడుగుతాడు. అక్కడ పెద్దాయన కూడా మొదట ముఖం తిప్పుకోవచ్చు, ‘ఇప్పుడెందుకు వచ్చావమ్మే’ అని విసుక్కోవచ్చు. కూర్చో. మంచినీళ్ళు అడుగు. నీళ్ళు అడిగిన పిల్లను మన వైపు ఎవరూ పొమ్మనరు.

పెదనాన్న సంగతీ చూడాలి కదా. ఆయన మీద కోపం తెచ్చుకోకు. ‘కర్షక శిఖామణి’ అనడం ఆయన దుఃఖం తీరు, తండ్రిని పెద్దగా చూపించాలని. మొదటి పేజీ, ఫోటో, వంశవృక్షం పూర్తిగా ఆయనకు వదిలెయ్యి. ఎన్ని బిరుదులు పెట్టుకుంటారో పెట్టుకోనీ. రెండో పేజీ నుంచి నీది. 32 పేజీలు అక్కర్లేదు, 16 చాలు. అక్షరాలు పెద్దవిగా వేయించు, చదివేది ఎక్కువమంది అరవై దాటినవాళ్ళు. అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి నాయనమ్మకు గట్టిగా చదివి వినిపించు. ‘అట్టా కాదులే’ అని ఆవిడ అడ్డం పడిన ప్రతిచోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

ఈ నెలలో రెండు రోజులు సెలవు పెట్టుకుని వెళ్ళు. శనివారం మాత్రం పెట్టుకోకు. మాలకొండ గుడి తెరిచేది వారంలో ఆ ఒక్కరోజే కాబట్టి ఊళ్ళో పెద్దవాళ్ళు సగంమంది కొండకు పోతారు. ఆదివారం పొద్దున్నే, ఎండ ఎక్కకముందు చిన్న తాతయ్య అరుగు మీదికి వెళ్ళు. గట్టు ఊసెత్తకు. బ్యారన్ సంగతి అడుగు. మొదటి బ్యారన్ ఇద్దరూ కలిసి కట్టినదే అయి ఉంటుంది, తగాదా అంతకు ఎంతో తర్వాతిది కదా. రాత్రిపూట మంట దగ్గర ఇద్దరిలో ఎవరు మేలుకునేవారో, టార్చిలైటు వేసి థర్మామీటర్ చదివింది ఎవరో అడుగు. చెప్పాక నాకు కూడా ఒక ఉత్తరం ముక్క రాయి.